కుప్పింటాకు: పిల్లికి తెలిసిన మాట

కుప్పింటాకు అనగానే కుప్ప గుర్తొస్తుంది. పెంటకుప్పల పక్కన, గోడల మొదళ్లలో, వేరుశనగ చేల గట్ల మీద మోకాలెత్తు పెరిగే మొక్క ఇది. పిప్పింటాకు, మురిపిండి అన్నా ఇదే. తమిళంలో కుప్పైమేని. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలోనూ నాలుగు చినుకులు రాలితే చాలు, తలెత్తుతుంది.

అసలు కథ వేరులో ఉంది. మొక్కను పీకి, మట్టి దులిపి, వేరును కాస్త నలిపి పిల్లి ముందు పెట్టండి. చెంపలు రుద్దుతుంది, చొంగ కారుస్తుంది, వెల్లకిలా పడి పొర్లుతుంది. అందుకే తమిళులు దీన్ని పూనైవణంగి, అంటే పిల్లి మొక్కేది, అన్నారు. మలయాళులకు ఇది పూచ్చమయక్కి, పిల్లిని మైమరిపించేది. మనవాళ్లు కుప్పను చూశారు, వాళ్లు పిల్లిని చూశారు.

ఇప్పుడు పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే క్యాట్‌నిప్ చేసే పనీ ఇదే. అందులో మత్తు ఆకులోని నెపెటలాక్టోన్‌ది, ఇక్కడ మత్తు వేరుది. క్యాట్‌నిప్‌కు అన్ని పిల్లులూ లొంగవు, పసికూనలు అసలే పట్టించుకోవు.

ఇక పిల్లి నమలడానికి పచ్చిగడ్డి కావాలంటే కుండీలో గరికో గోధుమ మొలకలో చాలు. జొన్న మాత్రం వద్దు. వానలేక ఎండిన లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుందని పశువులను తోలే మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.