అక్షరజ్ఞానం, సంకేతజ్ఞానం: భారతదేశంలో డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష చరిత్ర

వ్యాససంగ్రహం:
వాహనం నడపడానికి అనుమతి ఇచ్చే ముందు రాజ్యం అభ్యర్థిలో ఏ జ్ఞానాన్ని పరీక్షించాలి? భారతదేశంలో మోటారు వాహన చట్టాలు 1914 నుండి నేటివరకు ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. చేతి నైపుణ్యం, రహదారి గుర్తుల అవగాహన, అక్షరాస్యత అనే మూడింటి మధ్య పరీక్ష స్వరూపం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2007లో వచ్చిన ఎనిమిదో తరగతి నిబంధన, 2019లో దాని రద్దు ఈ పరిశీలనకు కేంద్రం. చట్టం మొదటినుండి కోరినది సంకేతజ్ఞానమేననీ, దానిని అక్షరజ్ఞానంతో ఒకటిగా చూడడం వల్ల కలిగిన భారం కూలికి బండి నడిపే శ్రామికునిపైనే పడిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోటారు వాహనాల చట్టం, లెర్నర్ లైసెన్సు, ప్రాథమిక పరీక్ష, రహదారి గుర్తులు, అక్షరాస్యత, రవాణా శ్రామికులు.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట మోటారు వాహన తనిఖీ అధికారిని ప్రజలు చాలాకాలం ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అని పిలిచారు. ఈ పేరులోనే ఒక చారిత్రక అవగాహన ఉంది. ఆ అధికారి పని యంత్రాన్ని, యంత్రాన్ని అదుపు చేసే చేతిని పరీక్షించడమని జనం భావించారు. నేడు లైసెన్సు కోరే వ్యక్తి మొదట ఎదుర్కొనేది బండిని కాదు, ప్రశ్నలున్న కంప్యూటర్ తెరను. ‘ఎల్‌ఎల్‌ఆర్’గా వ్యవహారంలో ఉన్న లెర్నర్ లైసెన్సు ఆ తెరపై ఉత్తీర్ణత సాధించిన తరువాతనే చేతికి వస్తుంది. బ్రేకు నుండి తెర వరకు సాగిన ఈ మార్పు కేవలం సాంకేతికమైనది కాదు. ఎవరు డ్రైవరు కావచ్చు, ఎవరు కాకూడదు అన్న సామాజిక నిర్ణయం ఇందులో ఇమిడి ఉంది.

2. పరీక్ష లేని లైసెన్సు:
లైసెన్సు, పరీక్ష ఒకే కాలంలో పుట్టినవి కావు. బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కారు చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. అయితే ఐదు షిల్లింగులు చెల్లించినవారికి ఏ పరీక్షా లేకుండానే అది లభించేది. డ్రైవరును గుర్తించడమే దాని ప్రయోజనం. అతని సామర్థ్యాన్ని నిర్ధారించడం కాదు. రహదారి ప్రవర్తనను వివరించే ‘హైవే కోడ్’ అక్కడ 1931లో వెలువడింది. 1934 నాటి రహదారి రవాణా చట్టం పరీక్షను ప్రవేశపెట్టగా, 1935 జూన్ 1 నుండి కొత్త డ్రైవర్లకు అది తప్పనిసరి అయింది. ఆ పరీక్షలో అభ్యర్థి బండి నడిపి చూపడమేగాక, హైవే కోడ్‌పై పరీక్షకుడు అడిగే ప్రశ్నలకు నోటితో జవాబులు చెప్పేవాడు.

భారతదేశంలో 1914 నాటి ఇండియన్ మోటారు వాహనాల చట్టం బ్రిటిష్ ఇండియాకంతటికీ వర్తించే తొలి ఉమ్మడి చట్టం. పదునెనిమిదేళ్లు నిండనివారు బహిరంగ స్థలాల్లో మోటారు నడపరాదని, లైసెన్సు లేనిదే ఎవరూ నడపరాదని అది శాసించింది. వివరాలను నిర్ణయించుకునే అధికారాన్ని మాత్రం ప్రాంతీయ ప్రభుత్వాలకు విడిచిపెట్టింది. సొంత మోటారు కారు సంపన్నుల సొత్తుగా, దానిని నడిపే పని జీతగాని వృత్తిగా ఉన్న కాలమది. యజమాని వేరు, డ్రైవరు వేరు అన్న ఈ విభజన తరువాతి చట్టాల్లోనూ రూపం మార్చుకుని కొనసాగింది.

3. 1939 చట్టం - నోటితో చెప్పగల జ్ఞానం:
1930ల నాటికి బస్సులు, లారీలు రైలు ఆదాయానికి పోటీగా నిలిచాయి. ఈ పోటీని అధ్యయనం చేసిన మిచెల్-కర్క్‌నెస్ నివేదిక 1933లోను, వెడ్జ్‌వుడ్ కమిటీ నివేదిక 1937లోను వచ్చాయి. 1939 నాటి మోటారు వాహనాల చట్టం ప్రధానంగా ఈ నేపథ్యంలో రూపొందింది. రవాణా వ్యాపారాన్ని క్రమబద్ధం చేయడం దాని ముఖ్యోద్దేశం. అయినా డ్రైవరు సామర్థ్య పరీక్షకు దేశవ్యాప్తమైన ఒక నిర్దిష్ట రూపం దీనితోనే ఏర్పడింది.

చట్టం మూడవ షెడ్యూలు ఈ పరీక్షను వివరించింది. ఇంజనును స్టార్ట్ చేయడం, మలుపులు సరిగా తిప్పడం, వెనుకకు నడపడం, అత్యవసరంగా ఆపడం, సైగలు ఇవ్వడం వంటివి అందులోని చేతి పనులు. బ్రిటిష్ పరీక్ష ఛాయలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. దీనితోపాటు తొమ్మిదవ షెడ్యూలులోని రహదారి గుర్తుల అర్థం, పదవ షెడ్యూలులోని నడక నియమాలు అభ్యర్థికి తెలిసి ఉండాలి. అంటే నేడు ‘థియరీ’ అని పిలిచే భాగం కొత్తగా వచ్చినది కాదు, 1939 నాటికే పరీక్షలో అంతర్భాగం. అయితే అది తెలిసి ఉండవలసిన జ్ఞానమే తప్ప, చదివి రాయవలసిన జ్ఞానం కాదు.

ఈ తేడా ఆనాటి శిక్షణ పద్ధతికి సరిపోయింది. లారీలో క్లీనరుగా చేరి, బండి తుడిచి, టైర్లు మార్చి, డ్రైవరు పక్కన కూర్చుని చూసి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టి నేర్చుకోవడం రవాణా వృత్తిలో ప్రవేశానికి సాధారణ మార్గం. ఈ విద్య గురుముఖతః సాగింది. క్లచ్, గేరు, ఇండికేటర్, సైడ్ వంటి మాటలు తెలుగు శ్రామికుల నాలుకపైకి పుస్తకం నుండి కాక, ఈ సహవాసం నుండే వచ్చాయి.

4. 1988 చట్టం - రెండు అంచెల పరీక్ష:
1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని వెంట కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 వచ్చాయి. వీటిలో జ్ఞాన పరీక్ష, నైపుణ్య పరీక్ష రెండు అంచెలుగా విడిపోయాయి. పదకొండవ నియమం ప్రకారం లెర్నర్ లైసెన్సు కోరే వ్యక్తికి నాలుగు విషయాలు తెలిసి ఉండాలి: రహదారి గుర్తులు, సిగ్నళ్లు, నడక నియమాలు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు బాధ్యతలు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు, వెంట ఉంచుకోవలసిన పత్రాలు. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన 30 రోజుల తరువాతనే పదిహేనవ నియమం కింద బండి నడిపి చూపే పరీక్షకు అర్హత కలుగుతుంది.

ప్రాథమిక పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండాలని, కనీసం 60 శాతం జవాబులు సరిగా ఉంటేనే జ్ఞానం తగినంత ఉన్నట్లు భావించాలని నియమం చెబుతుంది. ఇరవై ప్రశ్నలుంటే పన్నెండు సరికావాలి. నియమాల ఆరవ అనుబంధంలోని నమూనా ప్రశ్నలు గమనింపదగినవి. ఇరుకు వంతెన దగ్గరికి వస్తుండగా అవతలి వైపు నుండి మరో వాహనం వంతెన ఎక్కబోతుంటే ఏమి చేయాలి? పాదచారులు రోడ్డు దాటడానికి వేచి ఉంటే హారన్ కొట్టి సాగిపోవాలా, ఆగి వారిని దాటనివ్వాలా? ఈ ప్రశ్నలు అభ్యర్థి పాండిత్యాన్ని కాక, తోటి మనిషి ప్రాణం పట్ల అతని వివేకాన్ని పరీక్షిస్తాయి. చదువురాని వ్యక్తిని నోటితో అడిగినా వీటికి జవాబు చెప్పగలడు. చదవగలగాలన్న షరతు ఈ నియమంలో లేదు. దరఖాస్తులోని స్వీయ ప్రకటన 25 మీటర్ల దూరం నుండి కారు నంబరు ప్లేటు కనిపిస్తుందా అని అడుగుతుంది. అక్కడ కూడా పరీక్షకు నిలిచేది అభ్యర్థి చూపే తప్ప అక్షరాస్యత కాదు.

5. ఎనిమిదో తరగతి నిబంధన:
2007లో కేంద్ర నియమాల ఎనిమిదవ నియమం ద్వారా అక్షరాస్యత నేరుగా ప్రవేశించింది. రవాణా వాహనం నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత కనీసార్హత అయింది. ఈ నియమం పరిధిని పరిశీలిస్తే రెండు వైరుధ్యాలు బయటపడతాయి.

మొదటిది, ఇది రవాణా వాహనాలకే వర్తించింది. చదువులేని వ్యక్తి సొంత కారు నడుపుకోవచ్చు. అదే వ్యక్తి అదే రోడ్డు మీద కూలికి లారీ నడపరాదు. సొంత కారు డ్రైవరుకు లేని షరతు జీవనోపాధి కోసం నడిపేవానికి మాత్రమే విధించబడింది. రవాణా వాహనం బరువైనదనీ, దానిలో ఇతరుల ప్రాణాలుంటాయనీ దీనికి సమర్థన చెప్పవచ్చు. కానీ రవాణా వాహనాలన్నీ బరువైనవి కావు; ఆటో, టాక్సీ కూడా ఈ వర్గంలోనివే. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దానిని సమర్థించింది. ఈ వర్గాల మధ్య గీత ఎంత పలుచనిదో ఈ తీర్పులు తెలుపుతాయి.

రెండవది, 2007కు ముందు లైసెన్సు పొందినవారి పునరుద్ధరణకు ఈ అర్హత అవసరం లేదు. చదువులేకపోవడమే ప్రమాదకారణమైతే పాత డ్రైవరు కొనసాగడం కూడా ప్రమాదమే. అతనికి మినహాయింపు ఇవ్వడం ద్వారా, అనుభవం చదువు లేని లోటును పూరించగలదని నియమమే పరోక్షంగా అంగీకరించింది. ఆ అనుభవం సంపాదించుకునే దారిని మాత్రం తరువాతి తరానికి మూసివేసింది.

6. 2019 - రెండు దృక్పథాలు:
ఈ చర్చ 2019లో పరాకాష్ఠకు చేరింది. చదువురాని వ్యక్తి రహదారి బోర్డులను చదవలేడని, అట్టివారు పాదచారులకు ముప్పు అని రాజస్థాన్ హైకోర్టు ఆ ఏడాది అభిప్రాయపడింది. నిరక్షరాస్యులకు ఇచ్చిన లైసెన్సులను వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. భారీ వాహన లైసెన్సు కోరి వచ్చిన పిటిషనరుకు అప్పటికే పదమూడేళ్లుగా తేలికపాటి వాహన లైసెన్సు ఉంది. తనకు ఉపాధి మార్గం తెరవమని అతడు కోరగా, ఆ తీర్పు ఉన్న మార్గాన్నీ మూసింది.

అదే ఏడాది జూన్‌లో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ ఎనిమిదో తరగతి నిబంధనను తొలగించే నిర్ణయాన్ని ప్రకటించింది. మేవాత్ ప్రాంతంలో అల్పాదాయ వర్గాలు డ్రైవింగుపై ఆధారపడి ఉన్నాయని, చదువు లేకపోయినా వారికి నైపుణ్యం ఉందని హర్యానా ప్రభుత్వం చేసిన విజ్ఞప్తి ఇందుకు ఒక కారణం. దేశంలో దాదాపు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందన్నది మరొకటి. డ్రైవింగు చదువుకన్నా నైపుణ్యానికి సంబంధించినదని మంత్రిత్వ శాఖ పేర్కొంది. నిబంధన ఆ ఏడాదే రద్దయింది.

న్యాయస్థానం ఆందోళనకు ఆధారం లేదనలేము. ఊళ్ల పేర్లు, మళ్లింపు సూచనలు, తాత్కాలిక హెచ్చరికలు అక్షరాల్లోనే ఉంటాయి. కానీ ప్రాణరక్షణకు కీలకమైన గుర్తుల స్వభావం వేరు. హెచ్చరిక గుర్తులు త్రికోణంలో, నిర్బంధ గుర్తులు ప్రధానంగా వృత్తంలో, సమాచార గుర్తులు దీర్ఘచతురస్రంలో ఉంటాయి. దూరం నుండి, వేగంలో, ఏ భాషవాడైనా క్షణంలో గ్రహించేందుకే ఆకృతికి, రంగుకు, బొమ్మకు ఇక్కడ అక్షరం స్థానం ఇచ్చారు. తెలుగు చదవగలిగిన లారీ డ్రైవరు ఒడిశాలోకో తమిళనాడులోకో ప్రవేశించగానే అక్కడి లిపి ముందు నిరక్షరాస్యుడే. అతనిని గమ్యం చేర్చేది సంకేతజ్ఞానం. డిగ్రీ చదివిన వ్యక్తికి సైతం ఈ జ్ఞానం సహజంగా రాదు, విడిగా నేర్చుకోవలసిందే.

7. తెర ముందు అభ్యర్థి:
నిబంధన రద్దయినా అక్షరం పూర్తిగా తొలగిపోలేదు. తెరపై వచ్చే ప్రశ్నను నిర్ణీత సమయంలో చదివి, జవాబును ఎంచుకోవలసిన అభ్యర్థికి చదవగలగడం అప్రకటితమైన అర్హతగా మారుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రశ్నలు తెలుగులోను, ఇంగ్లీషులోను ఉండడం పెద్ద వెసులుబాటు. అయినా ‘అధిగమించుట’ అన్న కార్యాలయ తెలుగుకు, ‘ఓవర్‌టేక్’ అన్న డ్రైవరు తెలుగుకు మధ్య దూరం ఉంది. విషయం తెలిసినవాడు సైతం మాట తెలియక తప్పవచ్చు.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం పోల్చదగినది. ఐరోపా సమాజపు 1991 నాటి ఆదేశానికి అనుగుణంగా అక్కడ నోటి ప్రశ్నల స్థానంలో 1996 జూలై 1 నుండి రాత పరీక్ష వచ్చింది. 2000లో అది కంప్యూటర్‌కు మారింది. 2002 నవంబరులో, కదిలే దృశ్యాన్ని చూసి ముంచుకొచ్చే ప్రమాదాన్ని పసిగట్టే పరీక్ష దానికి తోడైంది. అంటే వాక్యాన్ని చదవడం చాలదని, రోడ్డును ‘చదవడం’ కూడా పరీక్షించాలని ఆ వ్యవస్థ గుర్తించింది. 19 విదేశీ భాషల్లో ప్రశ్నలను వినిపించే సౌకర్యాన్ని 2014 ఏప్రిల్‌లో అక్కడ ఎత్తివేశారు. ఆ జాబితాలో తమిళం ఉంది, తెలుగు లేదు. కానీ చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి ఇంగ్లీషులో ప్రశ్నను వినిపించే ఏర్పాటును కొనసాగించారు. భాష విషయంలో కఠినమైన ఆ వ్యవస్థ కూడా చదవలేకపోవడాన్ని, తెలియకపోవడాన్ని రెండుగానే చూసింది.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- డ్రైవింగులో జ్ఞాన పరీక్ష ఇటీవలి కల్పన కాదు. 1939 చట్టం నాటికే అది ఉంది. మారినది దాని విషయం కాదు, మాధ్యమం.
- 1939, 1988 చట్టాలు కోరినది సంకేతజ్ఞానం. అక్షరజ్ఞానం 2007 నుండి 2019 వరకే, అదీ రవాణా వాహనాలకే, ప్రకటిత షరతుగా ఉంది.
- ఆ షరతు భారం రవాణా వృత్తిలోకి కొత్తగా వచ్చే పేద యువకునిపై పడింది. సొంత కారు నడిపేవారిపై, పాత డ్రైవర్లపై పడలేదు.
- నిబంధన రద్దు తరువాత కూడా తెరపై పరీక్ష అదే షరతును మౌనంగా కొనసాగించే అవకాశం ఉంది. ప్రశ్నను వినిపించే ఏర్పాటు, బొమ్మలతో కూడిన ప్రశ్నలు, వాడుక తెలుగు ఉన్నచోట పరీక్ష తన అసలు ఉద్దేశానికి దగ్గరవుతుంది.

రోడ్డు భద్రత కోసం పరీక్ష కఠినంగా ఉండవలసిందే. ఆ కాఠిన్యం త్రికోణాన్ని, వృత్తాన్ని, ఇరుకు వంతెనను, రోడ్డు దాటే మనిషిని అర్థం చేసుకోవడంలో ఉండాలి. ఎనిమిదో తరగతి ధ్రువపత్రం అభ్యర్థి బడికి వెళ్లిన సంగతి చెబుతుంది. ఎదుటి మనిషి కోసం బ్రేకు వేస్తాడో లేదో అది చెప్పదు.