గృహయంత్రమున నక్షత్రయుద్ధము

యుద్ధకథలయందు మనకుఁ బ్రీతి ప్రాచీనమైనది. యంత్రపు తెరమీఁద యుద్ధమాడుట క్రొత్తది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు ‘స్పేస్‌వార్’ అను ఆటను కల్పించిరి. అది ఆడిన కంప్యూటరు పెద్ద బీరువాలు కొన్ని చేర్చి నిలిపినంతటిది. గృహస్థుల కందునది కాదు.

ఇంటి కంప్యూటరులకై వచ్చిన తొలినాఁటి కాల్పుల ఆటలలో నేను మిక్కిలి మెచ్చునది ‘స్టార్ రైడర్స్’. అటారీ సంస్థలో పనిచేయుచుండిన డగ్ న్యూబవర్ దానిని 1979లో రచించెను. ఆట యంతయు 8 కిలోబైట్లు, అనఁగా 8,192 ఆంగ్లాక్షరములు పట్టు చోటు. మన అనకాపల్లి రైతు కడవలకొలఁది చెరకురసమును కాఁచి బెల్లపు దిమ్మగాఁ జేసినట్లు, ఆయన ఆకాశము నంతటిని అందులో నిమిడ్చెను.

ఆటగాఁడు ఓడలోఁ గూర్చుండి చూచుచున్నట్లు నక్షత్రములు ఎదురువచ్చును. శత్రునౌకలను కాల్చవలెను. కాని కాల్చిన ప్రతి గుండునకును ఓడ శక్తి తఱుఁగును. దానిని మరల నింపుకొనుటకు స్వపక్షపు స్థావరములే దిక్కు. శత్రువులో, వానినే చుట్టుముట్టి నాశము చేయుదురు. కావున వేఁటకుఁ బోయినవాఁడు ఇంటి కావలిని మఱువరాదు. తుదకు యంత్రము శక్తి వ్యయమును, పట్టిన కాలమును లెక్కించి బిరుదు నిచ్చును: సమర్థుఁడు నక్షత్రసేనాని, అసమర్థుఁడు చెత్తపడవ సరంగు!

ఇట్టి ఆటలతో బాలురకుఁ గాలము వ్యర్థమగునని పెద్దలు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. అయినను, ఆటను విసరివేయుటకు ముందు మనుమని చెంతఁ గూర్చుండి యొక్క ప్రశ్న యడుగుఁడు: ‘నాయనా, నీవు కాల్చిన వెన్ని? కాచిన వెన్ని?’ ఆ రెండవ లెక్క చెప్పఁగల బాలుని ఆట వట్టి కాలక్షేపము కాదని నా యభిప్రాయము.