గాజుకు రంగు వేసిన రాయి

కొత్తకోట చీర కొనేటప్పుడు మనం ముందు చూసేది రంగు. జరీ, ధర ఆ తర్వాతే. (ధర అసలు చూడమని మా ఇంటాయన అంటారు, అది వేరే సంగతి.) రంగుల కోసం మనిషి పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. అలాంటి ఒక రంగు కథ, కొత్తకోటకు తూర్పున ఉన్న నల్లమల దాకా వచ్చింది.

1789లో జర్మనీలో క్లాప్రోత్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక నల్లటి రాతిలో కొత్త మూలకం ఉందని పసిగట్టాడు. అంతకు ఎనిమిదేళ్ళ కిందటే కనబడిన యురేనస్ గ్రహం పేరు కలిసొచ్చేట్టు యురేనియం అన్నాడు. దాంతో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. గాజులో కలిపితే మాత్రం పసుపూ ఆకుపచ్చా కలిసిన ముచ్చటైన రంగు వచ్చేది. బొహీమియా కార్ఖానాలు ఆ గాజుతో గ్లాసులు, పూలకూజాలు చేసి అమ్ముకున్నాయి. అలా వందేళ్ళు ఆ రాయి పెద్దింటి బల్లల మీద బుద్ధిగా కూర్చుంది.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ అనే ఇద్దరు యురేనియంను న్యూట్రాన్లతో కొట్టి చూశారు. వచ్చిన ఫలితం వాళ్ళకే అంతుబట్టలేదు. పరమాణువు రెండుగా చీలిందని లెక్క కట్టి చెప్పింది లీజ్ మైట్నర్. యూదుల ఇంట పుట్టినందుకు హిట్లర్ రాజ్యం విడిచి స్వీడన్‌లో తలదాచుకుంటున్న మనిషి ఆవిడ. అక్క కొడుకు ఫ్రిష్‌ను పక్కన పెట్టుకుని ఆ చిక్కుముడి విప్పింది. నోబెల్ బహుమతి మాత్రం హాన్ ఒక్కడికే ఇచ్చారు! ఆ తర్వాత బాంబు తయారీకి రమ్మని పిలిస్తే, ఆవిడ రానంటే రానంది.

ఆవిడ రాకపోతే పని ఆగిందా? ఏడేళ్ళయినా తిరగకుండానే, 1945 ఆగస్టు 6న హిరోషిమా కాలింది. ఆ బాంబులో 64 కిలోల యురేనియం ఉంటే, నిజంగా చీలింది కిలో కన్నా తక్కువ. మనం కొట్లో తూయించుకునే కందిపప్పు పొట్లమంత! ఏడాది చివరికి సుమారు 1,40,000 మంది పోయారు.

ఇప్పుడు తొమ్మిది దేశాల దగ్గర సుమారు 12,000 అణ్వాయుధాలున్నాయి, మన దేశమూ అందులో ఉంది. నగరాలు కాలిన పొగ ఆకాశమంతా కమ్మి ఎండ నేలకు దిగకపోతే పంటలే ఉండవని 1983లో శాస్త్రవేత్తలు లెక్కలు వేశారు. అంటే బాంబు పడని ఊళ్ళోనూ పొయ్యి వెలగదన్నమాట. పాలమూరు జొన్నచేలకు ఆ రాజుల తగవుతో ఏం సంబంధం, చెప్పండి!

ఆ రాయి మన దగ్గరా ఉంది. నల్లగొండలో నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు దగ్గర నిక్షేపాలున్నాయని తేల్చారు. 2016లో జిల్లాలు విడదీసేదాకా కొత్తకోటతో కలిసి పాలమూరులోనే ఉన్న అమ్రాబాద్ అడవిలోనూ వెతుకుతామన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అడిగింది కరెంటు కోసమే. అక్కడివాళ్ళ దిగులూ బాంబు గురించి కాదు. బోర్లు వేస్తే కృష్ణ నీళ్ళేమవుతాయి, గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికే చెంచులు ఎక్కడికి పోతారు అని. ఊళ్ళకు ఊళ్ళు అడ్డం తిరిగాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసి కేంద్రానికి చెప్పింది.