అతివృద్ధాప్యంలో ఇల్లు, ఆరోగ్యం

ఎనభై ఏళ్లు దాటిన దశను సాధారణంగా అతివృద్ధాప్యం అంటారు. ఆ వయసువారికి రోజులో ఎక్కువ భాగం ఇంట్లోనే గడుస్తుంది. అందుకే గడప, మెట్టు, లైటు, కుర్చీ ఎత్తు వంటివి కూడా వారి ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయి. అయితే ఇల్లు మంచిదా కాదా అని విడిగా అడిగితే సరైన జవాబు దొరకదు. ఆ ఇల్లు అందులో ఉండే మనిషి శక్తికి తగినట్టుందా అని అడగాలి. అరవై ఏళ్ల మనిషి గమనించకుండానే దాటిపోయే మెట్టు, మోకాళ్లు అరిగిన ఎనభై అయిదేళ్ల మనిషిని గదిలోనే ఆపేస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎం. పావెల్ లాటన్, బోనీ సైమన్‌తో కలిసి 1968లో ఈ సంగతినే ప్రతిపాదించారు: శక్తి తగ్గేకొద్దీ మనిషి మీద పరిసరాల పెత్తనం పెరుగుతుంది.

ఈ ప్రతిపాదనకు గట్టి ఆధారం యూరప్‌లో జరిగిన ‘ఎనేబుల్-ఏజ్’ అధ్యయనం. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన సుసానె ఇవార్సన్ నాయకత్వంలో స్వీడన్, జర్మనీ, బ్రిటన్, హంగరీ, లాట్వియా దేశాల్లో ఒంటరిగా ఉంటున్న 1,918 మందిని పరిశీలించారు. అందరూ 75 నుంచి 89 ఏళ్ల మధ్యవారు. ఇంట్లో ఎన్ని అడ్డంకులున్నాయన్న లెక్క ఒక్కటే వారి ఆరోగ్యం గురించి పెద్దగా చెప్పలేదు. ఆ అడ్డంకులు ఆ మనిషికి ఎంత ఇబ్బందిగా ఉన్నాయో చూసినప్పుడే సంబంధం బయటపడింది. ఇల్లు తన పనులకు అనువుగా ఉందనీ, దాని విషయంలో మాట తనదేననీ భావించినవారు రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో, మానసికంగా కుదురుగా ఉండడంలో మెరుగ్గా కనిపించారు.

ఆరోగ్యంగా ఉన్నవారికే ఇల్లు అనువుగా కనిపిస్తుందేమో, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నామేమో అన్న అభ్యంతరం న్యాయమైనదే. అలాంటి పరిశీలన ఒక్కటే దీన్ని తేల్చలేదు. ఇంట్లో మార్పులు చేసి ఫలితం చూసిన ప్రయోగాలు కావాలి. వాటిని 2023లో వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చింది. ఇంట్లో పడిపోయే ప్రమాదాలను సరిచేస్తే పడిపోవడాలు దాదాపు 26 శాతం తగ్గాయి. అప్పటికే పడిపోయే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 38 శాతం తగ్గాయి. ముప్పును బట్టి ఎంపిక చేయనివారిలో మాత్రం తేడా కనబడలేదు. లాటన్ చెప్పినదానికి ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకడం కష్టం.

రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూమ్ దాకా ఉన్న దారిని చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. స్విచ్ మంచం దగ్గర ఉండదు, తలుపు పక్కన ఉంటుంది. మధ్యలో గడప, ఆ తర్వాత తడిసిన నున్నటి టైల్స్. కాలు జారగానే చేయి టవల్ రాడ్ మీదికి వెళ్తుంది. అది టవల్ బరువుకు బిగించినది, మనిషి బరువుకు ఊడివస్తుంది. గోడలోకి లోతుగా బిగించిన కడ్డీ, చేతికందే స్విచ్, జారని నేల ఉంటే ఆ దారి సగం భయాన్ని వదిలిస్తుంది. కొడుకులు, కోడళ్లు ఉన్న ఇళ్లలో ఇవన్నీ ఎందుకని అనేవారున్నారు. కానీ ప్రతి రాత్రీ ఒకరిని నిద్రలేపడం ఇష్టంలేక మంచినీళ్లు తగ్గించుకునే పెద్దవారికి, మనుషుల తోడుతో పాటు ఆ కడ్డీ కూడా కావాలి. అన్నీ అమర్చిపెడితే ఒళ్లు మరింత సడలిపోతుందన్న వాదనలో కొంత నిజముంది. లాటన్, లూసిల్ నాహెమోలు 1973లోనే ఆ హెచ్చరిక చేశారు. అయితే కడ్డీ పట్టుకుని తనంతట తాను లేచే మనిషి కాళ్లు పనిచేస్తూనే ఉంటాయి. మంచం మీదే అన్నీ అందిస్తే ఆ కాస్త కదలికా పోతుంది.

ఇలాంటి మార్పుల ఖర్చు విషయానికొస్తే, జపాన్ 2000లో ప్రారంభించిన దీర్ఘకాల సంరక్షణ బీమా కింద కడ్డీలు బిగించడానికీ, ఎత్తుపల్లాలు సరిచేయడానికీ 2 లక్షల యెన్‌ల వరకు ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు. అందులో కొంత వాటా లబ్ధిదారు చెల్లించాలి. మన దేశంలో 2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తోంది. ఆ వాకర్ బాత్‌రూమ్ గడప దగ్గర ఆగిపోకుండా, ఇంటి మరమ్మతుల సాయాన్ని కూడా ఈ పథకంలో చేర్చాలి. ఏ మార్పు చేయాలో ముందుగా ఆ పెద్దవారినే అడగాలి.