మందు మింగిన సాక్ష్యం

1994 సెప్టెంబరు మూడో వారం. తాపీ నది వరద తీసింది కానీ సూరత్ పల్లపు వాడల్లో బురద ఇంకా ఆరలేదు. వినాయక నిమజ్జనాలు అయిపోయాయి. వేద్ రోడ్డు చుట్టుపక్కల నుంచి ఒకరి వెనక ఒకరు న్యూ సివిల్ ఆసుపత్రికి రావడం మొదలైంది. ఒళ్లు కాలిపోయే జ్వరం, ఛాతీలో నొప్పి, దగ్గితే నెత్తురు. కొందరు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాలు వదిలారు. వైద్యుల నోట అప్పుడొక మాట వచ్చింది: ప్లేగు.

1966 తరవాత 1994 దాకా మన దేశంలో మనుషులకు ప్లేగు సోకినట్టు నమోదు కాలేదు. ఆ వార్డుల్లో రాత్రింబవళ్లు డ్యూటీ చేసిన యువ వైద్యులకు అది పాఠ్యపుస్తకంలో చదివిన జబ్బే తప్ప కళ్లతో చూసినది కాదు.

ఊరు ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్లకీ బస్సులకీ వేలాడుతూ వెళ్లిపోయారు. జనాభాలో పావు వంతు అని ఒక లెక్క. చాలామంది ప్రైవేటు వైద్యులూ క్లినిక్కులకు తాళాలు వేశారు. మందుల షాపుల్లో ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ కరువైంది. ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలతో పాటు, తెలంగాణ నుంచి వెళ్లి మరమగ్గాల మీద స్థిరపడ్డ పద్మశాలీలూ ఆ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. సూరత్ భయం సూరత్‌లో ఆగేది కాదు. అది ఎక్కడెక్కడి పల్లెలకో రైలెక్కింది.

ఇది నిజంగా ప్లేగేనా? మొదటి రోజుల నుంచే ఈ ప్రశ్న నలిగింది. ప్లేగును రుజువు చేయడానికి మూడు మెట్లున్నాయి. తెమడకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు కొసలూ ముదురుగా ఉన్న కడ్డీల్లాంటి క్రిములు కనబడటం మొదటి మెట్టు. అవి అనుమానానికి చాలు, రుజువుకు చాలవు. రోగి రక్తంలో ఆ క్రిమికి ఎదురు తిరిగే యాంటీబాడీలు దొరకడం రెండోది. మూడోదే గట్టిది: రోగి నమూనా నుంచి యెర్సీనియా పెస్టిస్ అనే ఆ క్రిమినే ప్రయోగశాలలో పెంచి చూపించడం.

సూరత్ ఇక్కడే చిక్కుకుంది. న్యుమోనిక్ ప్లేగుకు, అంటే ఊపిరితిత్తుల ప్లేగుకు, తొలి లక్షణాలు కనబడ్డ ఇరవై నాలుగు గంటల్లో మందు పడకపోతే మనిషి దక్కడం కష్టం. అందుకే వైద్యులు జ్వరం చూడగానే టెట్రాసైక్లిన్ ఇచ్చారు. ఎంతోమంది ఇంట్లోనే మింగేసి వచ్చారు. ఒకసారి మందు ఒంట్లో పడ్డాక నమూనాలో బతికున్న క్రిమి దొరకడం గగనం. ప్రాణం నిలిపిన మాత్రే సాక్ష్యాన్ని చెరిపేసింది. ఆ వైద్యులు చేసింది ముమ్మాటికీ సరైన పని. రుజువు కోసం ఆగి ఉంటే శవాల మీద రుజువు చేయాల్సి వచ్చేది. దేశమంతటా మరణాలు యాభైకి కొంచెం పైన ఆగాయంటే ఆ తొందరపాటు పుణ్యమూ అందులో ఉంది.

బయటి ప్రపంచం మాత్రం ఆ మూడో మెట్టునే అడిగింది. అడుగుతూనే, అది దొరక్క ముందే శిక్ష వేసింది. ప్రయాణాలు ఆపాల్సిన పని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా గల్ఫ్ దేశాలు విమానాలు ఆపేశాయి. సరుకులు రేవుల్లో నిలిచిపోయాయి. నష్టం 170 కోట్ల డాలర్లని తరవాత అంచనా వేశారు. అక్టోబరులో వచ్చిన ఆ సంస్థ నిపుణులకు సందేహానికి తావులేని క్రిమి చేతికి అందలేదు. మెలియాయిడోసిస్ కావచ్చని కొందరన్నారు, హంటా వైరస్ అని మరికొందరు. ఎలుకలు గుట్టలుగా చావలేదు కదా అన్నదీ ఒక వాదన. కానీ ఊపిరితిత్తుల ప్లేగు మనిషి నుంచి మనిషికి తుంపర్లతో పాకుతుంది, మధ్యలో ఎలుక అక్కర్లేదు.

తేల్చే బాధ్యత శ్రీకాకుళంలో పుట్టిన ఒక పెద్దాయన మీద పడింది. వులిమిరి రామలింగస్వామి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ విద్యార్థి, పాథాలజీలో ప్రపంచమెరిగిన పేరు, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకుడిగా పనిచేసినవారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపి, గొంతువాపు ఎక్కడ తగ్గుతుందో ఏళ్ల తరబడి లెక్కగట్టిన బృందానికి సారథి ఆయనే. ఈ రోజు మన వంటింట్లో అయోడిన్ ఉప్పు ఉందంటే ఆ ఓపిక వల్లే. ఆయన అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ ఆధారాలన్నీ కుప్పపోసి పరిశీలించి, సూరత్‌లో వచ్చింది ప్లేగేనని తేల్చింది. 2000లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 1994 నాటి క్రిముల డీఎన్ఏ చదివి అదే మాట చెప్పారు. ఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన సాక్షి.

ఈలోగా ఊరు తన పని తాను చేసుకుంది. 1995 మేలో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను పొద్దున్నే గదుల్లోంచి వీధుల్లోకి నడిపించారు. నగరాన్ని ఆరు జోన్లు చేసి ఒక్కోదానికి బాధ్యుణ్ణి పెట్టారు, రాత్రిపూట ఊడ్చే పద్ధతి తెచ్చారు. ఆక్రమణలు కూల్చడంలో పలుకుబడి చూడలేదు. చెత్తే న్యుమోనిక్ ప్లేగు తెచ్చిందని నిజానికి ఎవరూ రుజువు చేయలేదు. అయినా మలేరియాకూ విరేచనాలకూ మురికితో ఉన్న లంకె కొత్తగా నిరూపించాల్సినది కాదు. 1996లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ సూరత్‌ను దేశంలో చండీగఢ్ తరవాత రెండో శుభ్రమైన నగరంగా ప్రకటించింది. చీపుళ్ల కన్నా గొప్ప మార్పు లెక్క రాయడం: ఏ వాడలో ఏ జ్వరమో, ఎంతమందికో ఆసుపత్రుల నుంచి రోజూ నగరపాలక సంస్థకు చేరేది.

ఆ అలవాటు దేశానికీ అంటింది. 1997లో అంటువ్యాధుల జాతీయ నిఘా కార్యక్రమం మొదలైంది. 2004లో దాన్ని విస్తరించి సమగ్ర వ్యాధి నిఘా పథకం తెచ్చారు. అందులో మూడు ఫారాలున్నాయి. లక్షణం చూసి ఆరోగ్య కార్యకర్త నింపేది ఎస్, పరీక్షించి డాక్టరు అనుమానం రాసేది పీ, ప్రయోగశాల నిర్ధారించి రాసేది ఎల్. ఎల్ వచ్చేదాకా ఎస్‌ను పక్కన పెట్టరు. మూడూ వేటి వేగంతో అవి జిల్లా కేంద్రానికి వెళతాయి, శ్రీకాకుళం నుంచైనా సూరత్ నుంచైనా.