పంటు: వసిష్ఠ గోదావరి మీద కార్లను దాటించే పడవ

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి ఈద్‌కో, సంక్రాంతికో, పిల్లల వేసవి సెలవులకో సొంత కారులో కోనసీమ బయల్దేరే కుటుంబాలకు ప్రయాణం చివర్లో ఒకచోట రోడ్డు ఆగిపోతుంది. నరసాపురం దాటి మాధవాయిపాలెం రేవుకు చేరితే ఎదురుగా వసిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది గానీ మధ్యలో వంతెన లేదు. ఇంజిన్ ఆపేసి పంటు కోసం వరసలో ఉండాల్సిందే.

పంటు అంటే అడుగు చదునుగా ఉండే వెడల్పాటి పడవ. పూర్వం రెండు పడవలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, బళ్లనూ పశువులనూ దాటించేవారు. కృష్ణా తీరంలో దీన్నే బల్లకట్టు అంటారు. ఇప్పుడు చెక్క పోయి ఇనుము వచ్చింది, గెడ పోయి డీజిల్ ఇంజిన్ వచ్చింది. పని మాత్రం అదే. మనుషులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకే పంటు మీద దాటుతాయి. నది ఇక్కడ కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. దాటడానికి పట్టేది పది పదిహేను నిమిషాలే. ఎక్కించడానికి, దించడానికి, అవతలి ఒడ్డున ఉన్న పంటు ఇటు రావడానికి పట్టే టైమే ఎక్కువ.

ఎక్కించడంలోనే పంటు పనివాళ్ల నేర్పంతా ఉంది. బరువైన బండ్లు మధ్యలో ఉండాలి, తేలికవి పక్కలకు. ఒక వైపు బరువు పెరిగితే పంటు ఆ వైపు ఒరుగుతుంది. అందుకే ‘ముందు నేనొచ్చా’ అని ఎవరు గొడవ పెట్టుకున్నా, ఏ బండి ఎప్పుడు ఎక్కాలో రేవులో నిలబడి చెయ్యి ఊపే మనిషే చెబుతాడు. కారు ఎక్కాక హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, అందరూ దిగి బయట నిలబడటం మంచిది. ఏసీ వేసుకుని లోపలే కూర్చునేవాళ్లు లేకపోలేదు. ఏదైనా జరిగితే మూసిన కారులోంచి పిల్లలతో బయటపడటం చాలా కష్టమని వాళ్లు ఆలోచించాలి.

సముద్రం ఇక్కడికి దగ్గరే. గోదావరి కలిసే చోటు అంతర్వేది సఖినేటిపల్లి మండలంలోదే. అందుకని ఈ రేవు నదితో పాటు సముద్రం మాట కూడా వినాలి. పోటు మీద నీళ్లు పైకొస్తే పంటు ఒడ్డుకు ఆనుతుంది, బండ్లు సులువుగా దిగుతాయి. పాటు సమయంలో నీళ్లు తగ్గితే ఇసుక మేట తగులుతుంది, ఒడ్డు వాలు నిటారుగా మారుతుంది, బండ్లు ఎక్కడం కష్టమవుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఆ వేళలు రోజూ కాస్త కాస్త జరుగుతుంటాయి కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు.

వరదల కాలంలో లెక్క మళ్లీ వేరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద ముదిరితే పంటు కట్టేస్తారు. జూలై, ఆగస్టుల్లో ఊరికి వెళ్లేవాళ్లు నరసాపురం దాకా వచ్చి వెనక్కి తిరగడం కంటే ముందుగా ఆ అంకె చూసుకుని బయల్దేరడం మేలు.

ఉర్దూ తెలిసిన ఇళ్లలో రేవు మాటలు వింటే కొన్ని దగ్గరివిగా అనిపిస్తాయి. పడవ నడిపే సరంగు ఫారసీ ‘సర్‌హంగ్’ నుంచి వచ్చిన మాట. తాళ్లు పట్టే ఖలాసీ అరబీ మూలం ఉన్న పదం. లంగరు ఫారసీ. మచిలీపట్నాన్ని జనం పిలుచుకునే బందరు కూడా రేవు అనే అర్థమున్న ఫారసీ మాటే. హిందూ మహాసముద్రం మీద ఓడలు నడిపిన వాళ్ల నోట ఈ మాటలు తీరమంతా తిరిగాయి. మాధవాయిపాలెం చిన్న ఊరేమీ కాదు ఆ రోజుల్లో. ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టి బట్ట ఎగుమతి చేసింది. ‘మడపొల్లం’ అని యూరప్‌లో అమ్ముడైన నూలు గుడ్డకు ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది.

రేవుకు చట్టం కూడా పాతదే. కాలువలు, ప్రజా రేవుల మీద మద్రాసు ప్రభుత్వం 1890లోనే చట్టం చేసింది. రేవును వేలం వేయడం, పాట పాడుకున్నవాడు ఛార్జీలు వసూలు చేసుకుని నడపడం ఇప్పటికీ తెలుగు జిల్లాల్లో కనిపించే పద్ధతి. పాటదారుకు పాట డబ్బు రాబట్టుకోవాలని ఉంటుంది, పండగ రోజుల్లో జనానికి తొందర ఉంటుంది. ఈ రెండూ కలిసిన చోటే ఓవర్ లోడ్ మొదలవుతుంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పర్యాటక పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో బడి పిల్లలున్న నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి మునిగింది. అదే వంతెన ముందే పూర్తయి ఉంటే ఆ పిల్లలకు పడవ ఎక్కే పనే ఉండేది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వసిష్ఠ మునిగింది. ఇవేవీ పంటు ప్రమాదాలు కావు. కానీ లైఫ్ జాకెట్ అడిగితే నవ్వే అలవాటు మన దగ్గర అన్ని రేవుల్లోనూ ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 దేశీయ నౌకల చట్టం పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ప్రయాణికులు చూసుకోగలిగింది మాత్రం జాకెట్లు ఉన్నాయా, పంటు అంచు నీటికి మరీ దగ్గరగా ఉందా అన్నదే. అనుమానం వస్తే తర్వాతి పంటుకు ఆగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

యానాం–ఎదుర్లంక మధ్య కూడా ఒకప్పుడు పంటే దిక్కు. 2002లో బాలయోగి వారధి వచ్చాక ఆ రేవు కథ ముగిసింది. కోటిపల్లి–ముక్తేశ్వరం మధ్య, నరసాపురం–సఖినేటిపల్లి మధ్య మాత్రం పంటు మిగిలింది. హైదరాబాద్‌లో దుర్గం చెరువు మీద 184 కోట్ల తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరుచుకుంది. ఐటీ ఉద్యోగికి దానివల్ల ట్రాఫిక్‌లో కొన్ని నిమిషాలు కలిసొచ్చాయి. వసిష్ఠ మీద వంతెనను అక్కడి జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు, శంకుస్థాపనలు కూడా చూశారు. అక్కడ కావాల్సింది కొన్ని నిమిషాలు కాదు. రాత్రి పంటు ఆగిపోయాక నొప్పులు మొదలైన ఆడమనిషిని నరసాపురం ఆస్పత్రికి చేర్చాలన్నా, మయ్యత్‌ను సొంతూరికి తీసుకెళ్లాలన్నా రాజోలు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు తిరిగి రావాలి. అది ముప్పై కిలోమీటర్లకు పైబడిన చుట్టు.

వంతెన వస్తే సరంగులకు, ఖలాసీలకు, రేవులో టీ బడ్డీలు పెట్టుకున్న వాళ్లకు పని పోతుంది. వంతెన అడిగేవాళ్లలో చాలామంది ఈ మాట ఎత్తరు. యానాం వైపు రేవు ఆగినప్పుడు కూడా ఈ లెక్క పెద్దగా ఎవరూ వేయలేదు.

హైదరాబాద్ నుంచి కారులో వెళ్లేవాళ్లు చీకటి పడకముందే రేవు చేరేలా చూసుకోవాలి. ఆలస్యమైతే నరసాపురం దాకా పోకుండా పాలకొల్లు దగ్గరే చించినాడ వైపు తిరగడం మేలు. రైలులో వెళ్లేవాళ్లకు ఆ బాధ లేదు. లైను నరసాపురంతోనే ఆగుతుంది, స్టేషన్ నుంచి ఆటో రేవుకు తీసుకెళ్తుంది, పంటు మీద నడిచి ఎక్కేవాళ్లకు వరస అక్కర్లేదు.