అర కిలో బొమ్మిడాయిలు

కొత్తగా కొన్న వంటల పుస్తకం పట్టుకుని కొన్నాళ్లుగా మా ఇంట్లో ఒకటే ప్రయోగాలు. గుత్తివంకాయ కుదిరింది. పనసపొట్టు కూరలో ఆవ ఘాటెక్కి అందరి ముక్కులూ అదిరాయి. ఆ వరసలో బొమ్మిడాయిల పులుసు పుట వచ్చింది. చింతపండు, మెంతులు, కరివేపాకు ఇంట్లోనే ఉన్నాయి. పక్కనే తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉండగా ఉల్లిపాయలకేం లోటు? తీరా చూస్తే దొరకనిది జాబితాలో మొదటి వస్తువే. ఏలూరులో చేపలమ్మే ఆవిడని అడిగితే నవ్వేసింది. "బొమ్మిడాయిలా? ఉంటే మీదాకా ఎందుకొస్తాయమ్మా, మేమే వండుకుంటాం."

పుస్తకం రాసినవాళ్లని తప్పుపట్టలేం. కొల్లేటి ఒడ్డునున్న ఊళ్లో కొల్లేటి చేప దొరకదని వాళ్లెలా ఊహిస్తారు?

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకున్న మంచినీటి సరస్సు మాది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెచ్చి పోసేవి. మిగులు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలిసేది. వానాకాలంలో లంక గ్రామాల గుమ్మాల దాకా ఎక్కిన నీరు వేసవికి వెనక్కి తగ్గేది. అది వదిలిన నేలలో వరి వేసేవారు. ఈ ఎక్కడం దిగడం మీదే మా వంటిళ్లు నడిచేవి. కొత్తనీటితో చేదుపరిగెలు, జెల్లలు, జన నిండిన బొమ్మిడాయిలు వచ్చేవి. నీరు తీస్తే బురదలో కొర్రమీను, మార్పు, మట్టగిడస, ఇంగిలాయి దొరికేవి. ఉప్పుటేరు ఎదురెక్కి పండుగప్ప వచ్చేది. చేపలు పట్టి బతికే వడ్డీలు తాటిదోనెల మీద వెళ్లి, మావులనే ఉచ్చులు పెట్టి పట్టేవారు. కొర్రమీను, మార్పులాంటివి పైకొచ్చి గాలి పీల్చుకుని బతికే జాతులు. అందుకే కాసిని నీళ్లలో వేసినా ప్రాణంతోనే సంతకి చేరేవి.

మా అత్తగారికి కొలత గ్లాసులు తెలియవు. చేపని చూసి పులుసు నిర్ణయించేది. బొమ్మిడాయినైతే బూడిద, రాళ్లుప్పు వేసి గరుకు రాయి మీద జిగురు పోయేదాకా రుద్దాలి. మట్టి దాకలో పులుసు తెర్లుతుంటే గరిటె పెట్టకూడదు, దాక అంచులు పట్టుకుని తిప్పాలి. మామిడికాయల రోజులైతే చింతపండు తగ్గించి నాలుగు ముక్కలు వేసేది. ఇంగిలాయి దగ్గరకి మాత్రం మమ్మల్ని రానిచ్చేది కాదు, దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా సలుపు. పొద్దున వండిన పులుసు ఆ పూట వడ్డించడమంటే ఆవిడకి నచ్చదు. మర్నాటికి గానీ ముక్కకి పులుపు పట్టదనేది. ఈ మర్నాటి సంగతి పుస్తకంలో లేదు. వేడివేడిగా వడ్డించమని ఉంది!

సరస్సు పతనం మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 1970ల్లో మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సులోనే చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. లాభం కనబడగానే బయటి పెట్టుబడి దిగింది. సంఘాల చెరువులు లీజుల పేరుతో చేతులు మారాయి. సొంత సరస్సులో చాలామంది వడ్డీలు కూలీలయ్యారు. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల్లో సరస్సు లోపల వెయ్యికి పైగా చెరువులు లెక్క తేలాయి. గట్టు పక్కన గట్టు లేచాక ఏరు తెచ్చిన నీటికి పరుచుకునే చోటేది? చేప గుడ్లు పెట్టే లోతులేని గడ్డినీళ్లు ముందు పోయాయి.

నన్ను బాగా బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. చెరువులో బొచ్చె, శీలావతి పిల్లలు వదిలేముందు నీళ్లు తోడేసి ఎండబెడతారు. ఎండబెట్టలేకపోతే ఇప్పచెక్క చల్లి, ఉన్న చేపలన్నిటినీ చంపుతారు. కొర్రమీను, వాలుగ పిల్లల్ని మింగేస్తాయి. చిన్న చేపలు మేతకు పోటీ వస్తాయి. అందుకని మొదటివాటిని వేటాడే చేపలనీ, రెండోవాటిని కలుపు చేపలనీ అంటారు. రైతు లెక్కలో అది సబబే, అప్పు తెచ్చి తవుడు, చెక్క పోస్తున్నవాడు మరేం చేస్తాడు? కానీ మా అత్తగారు పండగలా వండిన చేపలన్నీ ఆ జాబితాలోకే వెళ్లాయి.

1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలగా రాంసార్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు పూనికతో గట్లు తెగ్గొట్టారు, కొన్నిచోట్ల పేల్చేశారు. రెండేళ్ల తర్వాత, అభయారణ్యం హద్దు అయిదో కాంటూరు (ఎత్తు గీత) నుంచి మూడుకి కుదించాలని శాసనసభ తీర్మానించింది. తెగిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి.

కొల్లేటి చేపలనే నమ్ముకున్న గూడబాతులు మనకన్నా ముందే కదిలాయి. 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర వాటి పెద్ద స్థావరాన్ని గుర్తించి లోకానికి చెప్పారు. 1970ల్లో అది ఖాళీ అయింది. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కడుతున్నాయి.

చివరికి పులుసు శీలావతితోనే పెట్టాం. పుస్తకంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. ముక్క గట్టిగానే ఉంది, రంగూ వచ్చింది, నాలుక మీద మాత్రం చెరువు మట్టి వాసన తగిలింది. ఎరువూ మేతా మిగిలిన నీళ్లలో పెరిగే నాచు నుంచి ఆ వాసన చేప కండలోకి దిగుతుంది. చింతపండు పులుపు దాన్ని కొంత విరుస్తుంది గానీ పూర్తిగా తీసెయ్యదు. పిల్లలకి ఆ తేడా తెలియలేదు. చేపంటే వాళ్లకి మొదటినుంచీ ఈ రుచే. ఇంకాస్త అన్నం పెట్టమన్నారు. ఇదే ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకీ గువాహటికీ వెళ్లే చేప. అక్కడ దీన్ని ఆంధ్రా చేపంటారు.

కొర్రమీనుకి ధర ఉంది కాబట్టి ఇప్పుడు దాన్నీ మేత వేసి పెంచుతున్నారు. మార్కెట్టులో తొట్లలో ఈదుతూ కనబడుతుంది. బొమ్మిడాయి పిల్లల్ని చెరువులో వదిలినవాళ్లని మాత్రం మా వైపు నేను చూడలేదు. వానలు పడ్డాక ఎప్పుడైనా కాలవల్లో పడిన నాలుగైదు వస్తే కబురు చేస్తానంది చేపలావిడ. అర కిలో అయ్యేదాకా ఆగకుండా, ఎన్నుంటే అన్నే తీసుకుంటానని ఫోను నంబరు ఇచ్చి వచ్చాను.